ఉద్యోగుల క్షేమానికి ప్రణాళిక: యోగా తరగతి కంటే ముందు ఏమి చూడాలి?

చిగురాకు:
నమస్కారం. మూడు వందల మంది దాకా పనిచేసే సంస్థలో హెచ్‌ఆర్ విభాగం చూస్తున్నాను. ఉద్యోగుల శారీరక, మానసిక ఆరోగ్యం కోసం వచ్చే ఏడాదికి ఒక ప్రణాళిక తయారుచేయమని యాజమాన్యం నాకు అప్పగించింది. కొంత బడ్జెట్ కూడా కేటాయించారు. ఇప్పటిదాకా మీటింగుల్లో చర్చకు వచ్చినవి ఇవి: వారానికో యోగా తరగతి, ధ్యానం నేర్పే యాప్‌కు చందా, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షలు, ఒక కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్.

వీటిలో ఏదీ చెడ్డది కాదు. అయితే ఉద్యోగం మానేసి వెళ్ళేవారితో చివరి రోజున కూర్చుని మాట్లాడేది నేనే. వారు చెప్పే కారణాలు వేరుగా ఉంటున్నాయి. రాత్రి పూట వచ్చి అప్పటికప్పుడే జవాబు కోరే మెసేజ్‌లు. ఒకే వారంలో ఇద్దరు పై అధికారులు రెండు వేర్వేరు పనులను ‘ముందు ఇది’ అనడం. పక్క సీటు ఖాళీ అయి నెలలు గడిచినా ఎవరినీ తీసుకోకుండా ఆ పని కూడా మిగిలినవారే మోయడం. ఈ కారణాలకూ ఆ జాబితాకూ నాకు పొంతన కనబడడం లేదు. ప్రణాళికలో దేనికి పెద్దపీట వేయాలి? పైవారిని ఒప్పించడానికి గట్టి ఆధారాలు ఏమున్నాయి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

భద్రతాధికారి:
చిగురాకు గారూ, మీ సందేహం సరైనదే. ఫ్యాక్టరీల్లో భద్రత చూసే మాకు ఇది బాగా తెలిసిన విషయం. ఒక యంత్రం చెవులు చిల్లులు పడేంత చప్పుడు చేస్తోందనుకోండి. మొదట ఆ యంత్రం లేకుండా పని జరుగుతుందా అని చూస్తాం. జరగదంటే తక్కువ చప్పుడు చేసే యంత్రం దొరుకుతుందా, దొరక్కపోతే దాని చుట్టూ తొడుగు కట్టవచ్చా, మనిషి అక్కడ ఉండాల్సిన సమయం తగ్గించవచ్చా అని వరసగా చూస్తాం. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు చిట్టచివరి మెట్టు. ప్లగ్గు చప్పుడును తగ్గించదు, దాన్ని తట్టుకునే భారాన్ని మనిషి మీద పెడుతుంది. ధ్యానం యాప్ స్థానం కూడా అదే. ఇవ్వండి, కానీ యంత్రం జోలికి పోకుండా అదొక్కటే ఇచ్చి ఊరుకోకండి.

వృత్తి భద్రతకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ తెచ్చిన 45001 ప్రమాణం 2018లో వచ్చింది. దానికి తోడుగా 2021లో ఐఎస్‌ఓ 45003 మార్గదర్శకాలు వచ్చాయి. అవి పూర్తిగా పని వల్ల మనసుకు కలిగే ప్రమాదాల గురించే. బ్రిటన్‌లో వృత్తి ఆరోగ్యాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ అంతకు చాలా ముందే, 2004లో, ఆరు అంశాలను చూడమంది: పనిభారం, తన పని మీద ఉద్యోగికి ఉండే పట్టు, అందే సహాయం, మనుషుల మధ్య సంబంధాలు, ఎవరి పని ఏమిటో స్పష్టత, మార్పులు తెచ్చే పద్ధతి. మీరు చెప్పిన మూడు కారణాలను ఈ ఆరింటి పక్కన పెట్టండి. రాత్రి మెసేజ్‌లు పట్టు కిందికి వస్తాయి. ఇద్దరు అధికారుల సంగతి స్పష్టత కిందికి వస్తుంది. ఖాళీ సీటు పనిభారం. మీటింగుల్లో వచ్చిన నాలుగు సూచనల్లో వీటిని ముట్టుకునేది ఒక్కటీ లేదు. మీ యాజమాన్యానికి ఈ ఒక్క పట్టికే చూపించండి.

పట్టికలు:
ఆధారాలు అడిగారు కాబట్టి నాకు గట్టివని అనిపించినవి చెబుతాను.

చాలాకాలం పాటు వెల్‌నెస్ కార్యక్రమాలు గొప్ప ఫలితాలు ఇస్తున్నాయని అధ్యయనాలు వచ్చాయి. అవి ఎక్కువగా కార్యక్రమంలో చేరినవారిని చేరనివారితో పోల్చాయి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు ఆ పద్ధతి వదిలి, దాదాపు అయిదు వేల మంది సిబ్బందిని లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికే కార్యక్రమం ఇచ్చి చూశారు. వైద్య ఖర్చులో గానీ, సెలవుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అసలు సంగతి అప్పుడు బయటపడింది: ముందుకొచ్చి చేరేవారు ముందు నుంచే వైద్య ఖర్చు తక్కువగా ఉన్నవారు. కార్యక్రమం వారిని మార్చలేదు, వారే కార్యక్రమాన్ని ఎంచుకున్నారు.

2019లో అమెరికాలోనే బీజేస్ హోల్‌సేల్ క్లబ్ అనే దుకాణాల సంస్థలో జరిగిన మరో ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అది సుమారు 33 వేల మంది మీద జరిగింది. కార్యక్రమం ఉన్నచోట వ్యాయామం చేస్తున్నామని, బరువు చూసుకుంటున్నామని చెప్పేవారు పెరిగారు. పద్దెనిమిది నెలలు గడిచినా రక్తపోటు, కొలెస్టరాల్ వంటి కొలతల్లోనూ, ఖర్చులోనూ, హాజరులోనూ గుర్తించదగ్గ తేడా లేదు.

మానసిక ఆరోగ్యం విషయానికొస్తే, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన వ్యాసం ఉంది. బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది సమాధానాలను పరిశీలించారు. ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, ధ్యానం, యాప్‌ల వంటివి వాడుకున్నవారు వాడుకోనివారి కంటే మెరుగ్గా లేరు. కాస్త మేలు కనిపించింది స్వచ్ఛంద సేవకు అవకాశం ఇచ్చినచోట. ఇది ఒకే సమయంలో తీసిన సర్వే కాబట్టి కారణాన్ని పూర్తిగా నిరూపించదు. ఇల్లినాయ్ ప్రయోగానికి ఉన్న బలం దీనికి లేదు. ఈ మాట మీ నివేదికలో కూడా రాయండి. మన ఆధారాల లోటును మనమే చెబితే మిగతా మాటలకు విలువ పెరుగుతుంది.

చిన్న సంస్థ:
అందరి మాటలూ చదివాను. ఒక విషయంలో విభేదిస్తున్నాను. నాది ఇరవై మంది లోపు ఉన్న సంస్థ. పనిభారం తగ్గించడమంటే మనిషిని తీసుకోవడం, మనిషిని తీసుకోవడమంటే జీతం. ఆ స్తోమత నాకు లేదు. వారానికోసారి ఒక గురువు వచ్చి యోగా నేర్పితే మావారు ఆ గంట సంతోషంగా ఉంటారు, కలిసి నవ్వుకుంటారు. అధ్యయనాల్లో రక్తపోటు తగ్గలేదని ఆ గంటకు విలువ లేదంటే ఒప్పుకోలేను. ఉద్యోగుల కోసం నిజంగా ఏదైనా చేయాలనుకునే చిన్న యజమానులను ఇలాంటి చర్చలు నిరుత్సాహపరుస్తాయి.

వేకువ షిఫ్టు:
చిన్న సంస్థ గారూ, ఆ గంటను ఆపమని ఎవరూ అనరు. కానీ డబ్బు ఖర్చు కాని మార్పులు చాలా ఉన్నాయి. రోజంతా మూడు షిఫ్టుల్లో నడిచే చోట నేను సూపర్‌వైజర్‌ని. మా దగ్గర పెద్ద మార్పు తెచ్చింది షిఫ్టుల పట్టిక.

ఇంతకుముందు వచ్చే వారం పట్టిక ఈ వారం చివరి రోజు సాయంత్రం గోడ మీద అంటించేవారు. దాని ముందు గుమిగూడి ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేసి ‘రేపు నేను రాలేను, పిల్లవాడిని నువ్వే తీసుకురా’ అని చెప్పేవారు. రాత్రి షిఫ్టు దిగి మర్నాడు మధ్యాహ్నమే మళ్ళీ ఎక్కేవారూ ఉండేవారు. ఇప్పుడు పట్టిక మూడు వారాల ముందే వస్తుంది. మార్చాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. ఇద్దరు తమలో తాము షిఫ్టులు మార్చుకుంటే సూపర్‌వైజర్‌కు చెబితే చాలు, కారణం రాయనక్కర్లేదు. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలోనే ముందుకు తిరుగుతాయి. వెనక్కి తిరిగే వరస కంటే శరీరం దీనికి తేలిగ్గా అలవాటు పడుతుంది. రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటల విశ్రాంతి ఉండాలని ఐరోపా సమాఖ్య 2003 నాటి ఆదేశంలోనే ఉంది. మేము ఆ అంకెనే పెట్టుకున్నాం.

వీటిలో దేనికీ కొత్త మనిషి అక్కర్లేదు. అమెరికాలో గ్యాప్ అనే సంస్థకు చెందిన 28 దుస్తుల దుకాణాల్లో ఇలాంటి ప్రయోగం చేశారు. పని వేళలు ముందే తెలిసేలా, నిలకడగా ఉండేలా చేసిన దుకాణాల్లో అమ్మకాలు 7 శాతం పెరిగాయి. సిబ్బంది నిద్ర కూడా మెరుగుపడింది.

చిన్న సంస్థ:
పని వేళల గురించి చెప్పినది ఆలోచించదగ్గదే. మా దగ్గర షిఫ్టులు లేవు, కానీ సెలవు అడిగితే చివరి నిమిషం దాకా ఖరారు కాని పరిస్థితి ఉంది. అది నా చేతిలో పనే.

చిగురాకు:
అందరికీ ధన్యవాదాలు. సర్వే గురించి కూడా చెప్పండి. మా ఉద్యోగులకు సర్వేల మీద నమ్మకం లేదు. పేరు అడగకపోయినా ‘మా విభాగంలో ఉన్నదే నలుగురం, ఎవరు రాశారో తెలిసిపోతుంది’ అంటారు. ఆ భయం నిజమైనదే.

పట్టికలు:
వారి భయాన్ని పోగొట్టేది మాట కాదు, నియమం. పది మంది కంటే తక్కువ ఉన్న బృందం ఫలితాలను విడిగా ఎవరికీ చూపించబోమని ముందే రాసి ఇవ్వండి. చిన్న బృందాలను కలిపి ఒకటిగా చూపండి. వయసు, హోదా, విభాగం మూడూ ఒకేసారి అడగకండి, ఆ మూడు కలిస్తే పేరు రాసినట్టే. సొంత మాటల్లో రాసే జవాబులను మేనేజర్లకు యథాతథంగా పంపకండి. రాసే తీరును బట్టి మనిషిని గుర్తుపట్టేస్తారు.

కొత్త ప్రశ్నలు తయారుచేసుకోవాల్సిన పని లేదు. హెచ్‌ఎస్‌ఈ ఆరు అంశాలకు 35 ప్రశ్నల పత్రం సిద్ధంగా ఉంది. మనుషులు ఎలా ఉన్నారో చూడడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే పత్రం ఉంది. గడిచిన రెండు వారాల గురించి అయిదే ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 వరకు మార్కులు. మొత్తాన్ని 4తో గుణిస్తే నూటికి ఎంతో వస్తుంది. మొదటిది పని ఎలా ఉందో చెబుతుంది, రెండోది మనిషి ఎలా ఉన్నాడో చెబుతుంది. రెండూ కావాలి.

అన్నిటికంటే ముఖ్యం, మార్చే ఉద్దేశం లేని విషయం మీద ప్రశ్న అడగకండి. అడిగి వదిలేస్తే అడగకపోవడం కంటే ఎక్కువ నష్టం.

మధ్య మెట్టు:
ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది. ఇలాంటి ప్రణాళికలన్నీ చివరికి మాలాంటి మధ్యస్థాయి మేనేజర్ల మీద పడతాయి. ‘మీ బృందం బాగోగులు చూసుకోండి’ అని శిక్షణ ఇస్తారు. మరుసటి రోజు అదే బృందానికి ఇంకో పని అప్పగిస్తారు. కాదనే అధికారం మాకు ఉండదు. బృందంలో ఒకరు అలసిపోయారని నాకు స్పష్టంగా తెలుసు, కానీ వారి మీది పనిలో ఒక్కటీ నా అంతట నేను తీసేయలేను. శిక్షణ వల్ల బాధ తెలుస్తుంది, తగ్గించే దారి దొరకదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పిన మాట ఇది: డిమాండ్ ఎక్కువగా ఉండి, నిర్ణయించే స్వేచ్ఛ తక్కువగా ఉన్న ఉద్యోగమే మనిషిని కుంగదీస్తుంది. లండన్‌లో పదివేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులను 1985 నుంచి పరిశీలిస్తూ వచ్చిన వైట్‌హాల్ అధ్యయనంలో కూడా, పని మీద పట్టు తక్కువ ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు ఎక్కువని తేలింది. మేనేజర్లకూ ఇది వర్తిస్తుంది.

మేము చేసిన పని ఒకటి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ఒక మధ్యాహ్నం బృందమంతా కూర్చుని ప్రతి వారం చేసే పనులన్నీ చీటీల మీద రాసి బల్ల మీద పరిచాం. ఒక్కో చీటీ వెనక ‘ఇది ఎవరు అడిగారు, ఎవరు వాడతారు’ అని రాశాం. అందులో ఒక వారం నివేదిక దొరికింది. అవే అంకెలను ఆర్థిక విభాగం ఒక నమూనాలో, కార్యకలాపాల విభాగం ఇంకో నమూనాలో అడుగుతున్నాయి. మా బృందంలో ఒకామె ప్రతి వారం చివరి మధ్యాహ్నం అంకెలను ఒకదాని నుంచి ఇంకోదానికి చేత్తో ఎక్కిస్తోంది. రెండు విభాగాలకూ ఫోన్ చేశాను. ఒక విభాగం ఆ నివేదిక అడిగిన అధికారి మారిపోయారని, ఇప్పుడు ఎవరూ చూడడం లేదని చెప్పింది. ఆ రోజే ఆపేశాం. ఇంకో మూడు చీటీల వెనక ఎవరి పేరూ రాయలేకపోయాం. వాటిని కూడా ఆపి చూశాం, ఎవరూ అడగలేదు. ఆమెకు ఏ యాప్ కూడా తిరిగి ఇవ్వలేని మధ్యాహ్నం అది.

భద్రతాధికారి:
ఇదే నేను చెప్పిన మొదటి మెట్టు. పనిని తట్టుకోవడం కాదు, అక్కర్లేని పనిని తీసేయడం. చిగురాకు గారూ, ఈ చీటీల పద్ధతిని మీ ప్రణాళికలో మొదటి పనిగా పెట్టండి.

ఆలకింపు:
ఉద్యోగులకు కౌన్సెలింగ్ చేయడం నా వృత్తి. పనిని సరిదిద్దాలన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఈ చర్చ ఒకవైపే ఒరిగిపోకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌ను జబ్బుగా చేర్చలేదు, పనికి సంబంధించిన స్థితిగా చెప్పింది. సత్తువంతా హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేతకావడం లేదన్న భావన అనే మూడు లక్షణాలు చెప్పింది. దాని కారణం పనిలో ఉంది కాబట్టి పనిని మార్చాలి. కానీ నా దగ్గరికి వచ్చేవారిలో డిప్రెషన్ ఉన్నవారు, ఆత్మీయులను పోగొట్టుకున్నవారు, ఇంట్లో హింసకు గురవుతున్నవారు ఉంటారు. పట్టిక మారితే వారి బాధ తీరదు. వారికి చికిత్స కావాలి, దానికి సమయం కావాలి. హెల్ప్‌లైన్ వారి కోసం ఉండాలి.

హెల్ప్‌లైన్ తీసుకునేటప్పుడు ఒప్పందంలో రెండు విషయాలు చూడండి. ఎవరు ఫోన్ చేశారో సంస్థకు ఎట్టి పరిస్థితుల్లోనూ తెలియకూడదు, మొత్తం అంకెలు తప్ప మరేమీ రాకూడదు. ఎన్నిసార్లు మాట్లాడే వీలుందో, ఆ తర్వాత ఇంకా అవసరమైతే ఎక్కడికి పంపుతారో ముందే తెలియాలి. మూడు సార్లు మాట్లాడించి మధ్యలో వదిలేయడం మనిషికి చాలా హాని చేస్తుంది. పని వేళల్లోనే వెళ్ళే వీలు కల్పించండి.

మేనేజర్లు జబ్బు పేరు కనిపెట్టాల్సిన అవసరం లేదు. ‘ఈ మధ్య మీరు మీటింగుల్లో మాట్లాడడం తగ్గించారు, రెండుసార్లు గడువు దాటింది, మామూలుగా మీరు అలా ఉండరు. ఎలా ఉన్నారో అడుగుదామని పిలిచాను. చెప్పాలని లేకపోతే చెప్పనక్కర్లేదు. పనిలో నేను ఏమైనా తేలిక చేయగలనా?’ ఇంతే చాలు. కనిపించినది చెప్పడం, అడగడం, చెప్పేదాకా ఆగడం. ‘మీరు డిప్రెషన్‌లో ఉన్నట్టున్నారు’ అనకూడదు. ‘అందరికీ ఉండేదే’ అని కొట్టిపారేయకూడదు.

దీర్ఘ సెలవు తర్వాత తిరిగి వచ్చేవారి మొదటి నెల చాలా కీలకం. ఆ సమయంలో పేరుకుపోయిన ఈమెయిళ్ళన్నీ చదవమంటే వారంలోనే మళ్ళీ కుప్పకూలుతారు. ఏయే పనులు ముందు, ఏవి తర్వాత, తోటివారికి ఏమి చెప్పాలి, ఏమి చెప్పకూడదు అనేది వారితో మాట్లాడి కాగితం మీద పెట్టండి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల్లో సంస్థాగత మార్పులు, మేనేజర్లకు శిక్షణలతో పాటు తిరిగి పనిలో చేరేవారికి తోడ్పాటు కూడా ఉంది. చాలా ప్రణాళికల్లో ఆ భాగమే ఉండదు.

వేకువ షిఫ్టు:
ఆలకింపు గారి చివరి మాట ఎంతో నిజం. తిరిగి వచ్చినవారిని మా దగ్గర నేరుగా రాత్రి షిఫ్టులో వేయం.

చిగురాకు:
యాజమాన్యం ముందు పెట్టబోయే ముసాయిదా ఇది. తప్పులుంటే చెప్పండి.

ఎక్కువమంది మానేస్తున్న రెండు విభాగాలతో మొదలుపెడతాం. అక్కడ డబ్ల్యూహెచ్‌ఓ-5, ఆరు అంశాల సర్వే చేసి, నెలలోపు ఫలితాలు వారికే ముందు చూపిస్తాం. తర్వాత చీటీల పద్ధతి. ప్రతి బృందం ఆపదలచుకున్న పనులు రాసి ఇస్తే, ఆపకూడదనుకునే అధికారి రెండు వారాల్లో కారణం రాయాలి, రాయకపోతే ఆ పని ఆగినట్టే. ఒక మనిషికి ఇద్దరు అధికారులు ఉన్నచోట ఎవరి మాట ముందో రాతలో ఉంటుంది. రాత్రి ఎనిమిది తర్వాత మెసేజ్‌లకు మర్నాడు ఉదయం దాకా జవాబు ఆశించకూడదు, నిజమైన అత్యవసరానికి ఫోన్ చేయాలి. హెల్ప్‌లైన్ ఆలకింపు గారు చెప్పిన షరతులతో. తిరిగి చేరేవారికి రాతపూర్వక ఏర్పాటు. యోగా తరగతి ఉంటుంది, పని వేళల్లోనే, ఇష్టమైనవారికి. యాప్ డబ్బును మేనేజర్ల శిక్షణకు మళ్ళిస్తాం.

పైవారి కోసం చివర ఒక పేరా పెట్టాను: డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 1,200 కోట్ల పనిదినాలు నష్టపోతున్నామని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థల అంచనా. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35–40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ఆ రెండు సంస్థలే 2021లో చెప్పాయి.

పట్టికలు:
బాగుంది. ఒక్క సవరణ. హెల్ప్‌లైన్‌కు ఎన్ని కాల్స్ వచ్చాయి, యోగాకు ఎంతమంది వచ్చారు అనేవి విజయానికి కొలతలుగా పెట్టకండి. కాల్స్ పెరిగితే నమ్మకం పెరిగిందో, బాధ పెరిగిందో చెప్పలేం. ఆగిన పనులెన్ని, ఓవర్‌టైమ్ గంటలెన్ని, ఖాళీ సీటు నిండడానికి ఎన్నాళ్ళు పట్టింది, మానేసినవారెంతమంది అనేవి చూడండి. మిగిలిన విభాగాల్లో కూడా అవే అంకెలు తీసి పెట్టుకోండి. పోల్చడానికి ఏదీ లేకపోతే ఏడాది చివర మార్పు మన వల్ల వచ్చిందో లేదో తెలియదు.

మధ్య మెట్టు:
ఖాళీ సీటు గురించి మీ ముసాయిదాలో ఒక్క మాట కూడా లేదు చిగురాకు గారూ. మీరు మొదట చెప్పిన మూడు కారణాల్లో అది ఒకటి. సీటు ఖాళీ అయిన నెలలోపు మనిషిని తీసుకోవాలి, లేదా ఆ పనిలో ఏది ఆపుతున్నారో రాతలో ఇవ్వాలి. ఈ రెండిట్లో ఏదీ జరగకపోతే జవాబు చెప్పేది ఎవరో పేరు ఉండాలి. అది హెచ్‌ఆర్ పేరు కాకూడదు. పని అప్పగించేవారి పేరు ఉండాలి.

చిగురాకు:
చేర్చాను. జవాబుదారీ గడిలో కార్యకలాపాల అధిపతి హోదా రాశాను. ఈ వాక్యం మీదే ఎక్కువ వాదన జరుగుతుందని తెలుసు, అందుకే దాన్ని మొదటి పేజీలోకి మార్చాను. మీటింగ్ అయ్యాక ఏమన్నారో ఇక్కడే రాస్తాను.